నవీన్ పేరున

నవీన్‌కు కరెంటు స్తంభంలో ఏ కొస భూమిలోకి పోతుందో కూడా తెలియదు. లైన్ మేస్త్రీ దీప్లా కోపం కొద్దీ అన్న మాట కాదిది. తొమ్మిదేళ్లు చూసి తేల్చుకున్న మాట. ఆ తొమ్మిదేళ్లూ కోదాడ చుట్టుపక్కల సబ్‌స్టేషన్లకు ఫోన్ చేసి, "నవీన్‌ను మాట్లాడుతున్న, లైన్ ఆపుండ్రి సారు" అన్నది దీప్లా. లైన్ ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆపించారు, ఎవరి పేరున ఆపించారు అని రిజిస్టర్‌లో రాసింది దీప్లా. మనుషుల్ని ఎక్కించింది, తీగ లాగించింది, దిగినవాళ్లను ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకొని "ఇగ ఇయ్యుండ్రి" అన్నది కూడా దీప్లానే. నవీన్ మిర్యాలగూడలో ఫ్లెక్సీల దుకాణం నడుపుతాడు. తన పుట్టినరోజుకు తన బొమ్మ తనే అచ్చేసుకొని కరెంటు స్తంభాలకు కట్టిస్తాడు. స్తంభాలతో ఆయనకున్న సంబంధం అదొక్కటే.

అయినా లైన్ పనికి మేనేజర్ నవీన్. ఎందుకంటే సర్టిఫికెట్ నవీన్‌కు ఉంది. సర్టిఫికెట్ ఉన్న మేనేజర్ లేనిదే కాంట్రాక్టర్‌కు లైసెన్సు ఉండదు. కాంట్రాక్టర్ గోపాల్ రెడ్డి దూరం పోలేదు, సొంత బామ్మర్ది సర్టిఫికెట్టే తెచ్చి ఫ్రేము కట్టించి సూర్యాపేట ఆఫీసు గోడకు తగిలించాడు. ఇన్నేళ్లూ పనికొచ్చింది ఆ ఫ్రేమే గాని అందులోని మనిషి రాలేదు.

ఆ సోమవారం వచ్చాడు.

మేళ్లచెరువు రోడ్డు మీద పాత లైన్ మార్చే పని జరుగుతోంది. సిమెంటు లారీలు పోయినప్పుడల్లా తెల్లటి దుమ్ము లేచి చెట్ల మీద, మనుషుల మీద, స్తంభాల పైనున్న పింగాణీ ఇన్సులేటర్ల మీద పడుతోంది. ఎక్కిన ప్రతివాడూ నడుముకు గుడ్డ చుట్టుకొని ఎక్కి, ముందు ఇన్సులేటర్ తుడిచిగాని తీగ ముట్టడు. నవీన్ కారు దిగాడు. కాళ్లకు తెల్ల బూట్లు. నాలుగడుగులు వేసి, ఆగి, బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఇంత దుమ్ము ఎట్లుంటది అన్నా గీడ?"

"దుమ్మును ఆపమని ఎల్సీ తీసుకోవాలె సారు. ఎవరన్న సర్టిఫికెట్ ఉన్నోళ్లు ఫోన్ చేస్తే ఆగుతది" అన్నాడు స్తంభం మీది నుంచి రాజేందర్. కింద తీగ పట్టుకున్న నలుగురూ తలలు దించుకొని నవ్వారు.

ఎల్సీ అంటే లైన్ క్లియర్. పని అయ్యేదాకా ఈ లైన్‌కు కరెంటు ఇవ్వనని సబ్‌స్టేషన్‌వాడు ఇచ్చే మాట. రాజేందర్ పైన చేతులు పెట్టి నిలబడింది ఆ మాట మీదే. నవీన్‌కు అది కూడా అర్థం కాలేదు. తనూ నవ్వాడు.

వెనకాలే గోపాల్ రెడ్డి బండి వచ్చింది. దీప్లాను పక్కకు పిలిచాడు.

"ఏమ్రా, ఇన్నవా? గురువారం ఇన్‌స్పెక్టరమ్మ వస్తదంట. కొత్త రూలు. మేనేజరు సైటు మీద నిలబడాలె, అడిగినదానికి నోరు తెరిచి చెప్పాలె. చెప్పలేదో, మన లైసెన్సు ఖతం."

"ఇన్న పటేలా."

"ఈ మూడు దినాల్ల వీనికి నేర్పు. నీకు నేను, నాకు నువ్వు. వాడు గట్టెక్కినంక నీ కాయితం మీద సంతకం పెడత."

ఆ కాయితం కోసమే దీప్లా ఏడాదిగా తిరుగుతున్నాడు. ఏడో తరగతితో బడి వదిలినవాడికి కూడా సర్టిఫికెట్ వచ్చే దారి ఒకటుంది. పదిహేనేళ్లు లైన్ పని చేయించాడని లైసెన్సున్న కాంట్రాక్టర్ రాసివ్వాలి. దాంతో దరఖాస్తు పెడితే పిలిచి నోటి పరీక్ష పెడతారు. నవీన్ ఫ్రేము గోడకెక్కక ముందు చేయించిన ఆరేళ్లూ కలిపితే దీప్లాకు పదిహేను నిండాయి. పరీక్ష సంగతి దీప్లాకు లెక్కలేదు. నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. సర్టిఫికెట్ వస్తే సొంత లైసెన్సు. సొంత లైసెన్సు వస్తే హాలియా వైపు చిన్న చిన్న పనులు, తన మనుషులు, తన పేరు. దరఖాస్తుకు ఆఖరు రోజు వచ్చే సోమవారం.

"మరి ట్రాక్టరు ముచ్చట?" అన్నాడు దీప్లా.

"ముచ్చట ముచ్చటే. నా పాత పోల్ ట్రాక్టరు, మీటర్లు, కప్పీలు, తాళ్లు అన్నీ నీకు. రోడ్డు మీది నీ పదకొండు గుంటల చేను నాకు. శుక్రవారం మోతెల రిజిస్ట్రేషన్‌కు స్లాట్ బుక్ చేసిన. ముందుగాల వాణ్ణి మనిషిని చెయ్."

మూడు రోజుల్లో నవీన్‌ను మనిషిని చెయ్యడం. దీప్లా ఇంతకుముందు నడవని ట్రాన్స్‌ఫార్మర్లను నడిపించాడు గాని, అవి కనీసం సప్పుడన్నా చేసేవి.

*

మంగళవారమంతా దీప్లా చెప్పాడు, నవీన్ సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు. మధ్యాహ్నం వేపచెట్టు కింద కారు అద్దాలు ఎత్తుకొని, ఏసీ వేసుకొని, చెప్పిందే మళ్లీ విన్నాడు. విని బయటికొచ్చి, "అన్నా, నీ గొంతు రేడియోల వచ్చినట్టుంది" అన్నాడు.

"గొంతు వదిలిపెట్టు. లైన్ ఆగింది. ఇగ ఏం చేస్తవ్?"

"పోల్ ఎక్కాలె."

"సచ్చినవ్."

"ఎందుకు?"

"ఆగిందని వాడు చెప్పిండు. నువ్వు సూసినవా? టెస్టర్ పెట్టి సూడాలె. సూసినంక ఎర్త్ రాడ్ కట్టాలె. మనోడు పైన ఉన్నప్పుడు ఏ బోరు కాడి జనరేటరో ఎనక నుంచి తంతే, ఆ దెబ్బ మనిషికి తగలకుంట భూమిలకు పోవాలె. సమజైందా?"

"అయింది."

"అయితే కట్టు."

నేల మీద పడున్న తీగ ముక్కతోనే నేర్పించాడు. నవీన్ రాడ్ తీసుకొని కొక్కెం నేరుగా తీగకు తగిలించాడు. దీప్లా వాడి మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. చప్పుడు వినిపించేంత గట్టిగా.

"భూమి కొస ముందు! ముందు భూమిల దిగగొట్టు, ఆ తర్వాత తీగకు తగిలియ్. తీసేటప్పుడు తీగది ముందు, భూమిది ఎనక. తిప్పిజేస్తే రాడ్ నీ చేతుల ఉంటది, కరెంటు నీ ఒంట్ల ఉంటది."

నవీన్ మణికట్టు నిమురుకున్నాడు. కోపం రాలేదు, భయం వచ్చింది. "అన్నా, గిది గిట్ల నిజంగ కొడతదా?" అని అడిగాడు. డిప్లొమా చదివిన మనిషి. దీప్లాకు జాలి వెయ్యాల్సిన చోటది, వెయ్యలేదు. ఇట్లాంటివాడి పేరు చెప్పి తొమ్మిదేళ్లు మనుషుల్ని పైకెక్కించానా అనుకున్నాడు. సబ్‌స్టేషన్ ఆపరేటర్లు పండక్కి శుభాకాంక్షలు చెప్పాలన్నా తన నంబరుకే "నవీన్ గారూ" అని పంపేవాళ్లు. దీప్లా "మీకు కూడా" అని పంపేవాడు.

బుధవారం పొద్దున తండాలో బయల్దేరుతుంటే భార్య సాలి టిఫిన్ గిన్నె మూత నొక్కుతూ నిలబడింది. మూత పట్టినా నొక్కుతూనే ఉంది.

"శుక్రారం పక్కానా?"

"పక్కా."

"గాయన సంతకం ఎంత పొడుగుంటది? మన చేనంత ఉంటదా?"

"సంతకానికి గాదు. ట్రాక్టరుకు."

"ట్రాక్టరు బెండకాయలు కాస్తదా? రోడ్డు మీద కూసోని రోజుకు రెండు గంపలు అమ్ముతున్న నేను. నీ కాయితం వచ్చినంక అమ్మరాదూ?"

"కాయితం కావాలంటే గాయన సంతకం కావాలె. గాయన సంతకం చెయ్యాలంటే చేను కావాలె. ఒకదాని తోక ఒకటి పట్టుకున్నయ్."

"పోనీ, గాయన చెయ్యకపోతే?"

"చేస్తడు."

సాలి గిన్నె చేతిలో పెట్టింది. "నాకు గాయన మీద అనుమానం లేదు. నీ మీదనే ఉన్నది. నువ్వు ఎవరన్న సారూ అని పిలవంగనే కరిగిపోతవ్" అంది.

దీప్లా బండి తన్నాడు. చదువురాని ఆడదానికి సర్టిఫికెట్ విలువ ఏం తెలుసనుకున్నాడు దారి పొడుగునా.

ఆ సాయంత్రానికి నవీన్ రాడ్ కరెక్టుగా పెట్టాడు, మూడుసార్లు. ఐదు ప్రశ్నలకు ఐదు జవాబులు అప్పజెప్పాడు. ఆరోది అడిగితే మొదటి జవాబు మళ్లీ చెప్పాడు.

*

ఇన్‌స్పెక్టర్ దేవిక మేడం గురువారం తొమ్మిదింటికే వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. హెల్మెట్ తనదే తెచ్చుకుంది, తనే పెట్టుకుంది. గోపాల్ రెడ్డి కొబ్బరిబోండాం పట్టుకొని ఎదురొస్తే, "పని అయ్యాక చూద్దామండీ" అని పక్కనుంచి నడిచిపోయింది.

నవీన్ నిలబడ్డాడు. ఇవాళ నల్ల బూట్లు. అడిగిన ఐదింటికీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఎర్త్ రాడ్ కట్టమంటే భూమి కొస ముందు దిగగొట్టి తీగకు తగిలించాడు. తగిలిస్తూ ఒకసారి తన మణికట్టు చూసుకున్నాడు. గోపాల్ రెడ్డి మొహంలోకి రక్తం వచ్చింది.

మేడం రిజిస్టర్ తెప్పించుకొని జీపు బానెట్ మీద పెట్టి పేజీలు తిప్పింది.

"బాగా రాశారే" అంది. "నేను చూసినవాటిలో ఇంత శుభ్రంగా రాసింది లేదు. నవీన్ గారూ, జూలై తొమ్మిదిన ఒకే లైన్‌కు రెండుసార్లు ఎల్సీ తీసుకున్నారు. ఎందుకు?"

నవీన్ నోరు తెరిచాడు. లోపల రికార్డు తిరుగుతున్నట్టుంది గాని ఆ ముక్క అందులో లేదు. దీప్లాకు జూలై తొమ్మిది కళ్ల ముందుంది. లారీ గుద్దిన స్తంభం, వాన, పైన రాజేందర్, తడిసిన తాడు. పక్కనుంచి చిన్నగా, "లారీ... లారీ" అన్నాడు.

"లారీ ఎక్కింది మేడం, పోల్" అన్నాడు నవీన్.

ఎవరూ నవ్వలేదు. మేడం తెల్లకాగితం తీసి నవీన్ ముందు పెట్టింది. "ఇవాళ్టి తారీఖు, లైన్ పేరు రాయండి."

నవీన్ రాశాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రిజిస్టర్‌లోవి గుండ్రంగా, వరసగా, గీత తప్పకుండా ఉన్నాయి. చిన్నపిల్లలకు చూపించినా రెండు చేతులని చెప్తారు.

"ఇది ఎవరి రాత?"

గోపాల్ రెడ్డి దగ్గాడు. నవీన్ దీప్లా వైపు చెయ్యి చూపి, "మా హెల్పర్ మేడం" అన్నాడు. నిన్నటిదాకా అన్నా అన్న నోరు.

మేడం దీప్లాను ఒక్కడినే జీపు అవతలికి తీసుకుపోయింది. లారీ ఒకటి పోయింది. దుమ్ము తగ్గేదాకా ఆగింది.

"నీ పేరు?"

"దీప్లా, మేడం."

"దీప్లా, ఒక్కటే అడుగుతా. ఈ పని నడిపించేది ఎవరు? రాతను బట్టి నాకో అనుమానం ఉంది గాని నా అనుమానం కాయితం మీద చెల్లదు. నువ్వు చెబితే రాసుకుంటా. నిజం చెప్పినవాడికి నా దగ్గర నష్టం జరగదు."

ఆమె భుజం మీదుగా గోపాల్ రెడ్డి కనిపిస్తున్నాడు. కొబ్బరిబోండాం ఇంకా చేతిలోనే ఉంది. జేబులో పెన్ను ఉంది. ఆ పెన్నుతోనే రేపు సంతకం పెట్టాలి. లైసెన్సున్న కాంట్రాక్టర్ సంతకం. ఇవాళ ఈ మనిషి లైసెన్సు పోతే రేపు ఆ సంతకానికి విలువ లేదు. దీప్లా బుర్ర చకచకా పని చేసింది. అది ఎప్పుడూ చకచకానే పని చేస్తుంది, దానికే గర్వం.

"నవీన్ సారే మేడం. సారు నిలబడి చెప్తడు, నేను రాస్త. సామాను మోస్త. గంతే."

"నువ్వు సొంతంగా లైన్ పని చేయించలేదా?"

"నాకేం తెలుసు మేడం? నడుమల బడి ఇడిసినోణ్ణి."

ఆమె అతని చేతుల వైపు చూసింది. అరచేతుల్లో తాడు కోసిన గీతలున్నాయి. దీప్లా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"సరే. అదే మాట రాసివ్వు" అంది.

రాశాడు. కాగితం వంకర పోకుండా రిజిస్టర్ మీద పెట్టుకొని, గుండ్రటి అక్షరాలతో, తప్పు లేకుండా. 'నేను నవీన్ సారు చెప్పినట్టు రాసేవాణ్ణి మాత్రమే. సొంతంగా ఎన్నడూ లైన్ పని చేయించలేదు. ఇది నా ఇష్టపూర్వకంగా రాసి ఇస్తున్నాను.' కింద సంతకం. ఈసారి తన పేరే.

జీపు వెళ్లిపోయాక గోపాల్ రెడ్డి వచ్చి దీప్లా వీపు మీద చరిచాడు. "శభాష్ రా దీప్లా! నీకు ప్లీడరు బుర్ర." నవీన్ బోండాం తాగుతున్నాడు. రాజేందర్ మాత్రం స్తంభం దిగి, గుడ్డ విప్పుకుంటూ, "ఏం రాసిచ్చినవ్ మామా?" అని అడిగాడు.

"ఏదో ఒకటి. అంత చదువుకున్నది, నాలుగు లైన్లు రాసిస్తే నమ్మి పోయింది."

*

మోతె తహసీల్ ఆఫీసులో శుక్రవారం పదకొండుకు స్లాట్. సాలి వచ్చింది గాని లోపలికి రాలేదు. మెట్ల మీద కూర్చుంది. ఆపరేటర్ కొనేవాళ్ల ఆధార్ అడిగితే గోపాల్ రెడ్డి నవీన్‌ను ముందుకు తోశాడు.

"నా పేరు మీద శాన ఉన్నయ్, పరేషాన్ అయితది. మా వాని పేరున చెయ్."

దీప్లా తలెత్తి చూశాడు. ఇది ముందు అనుకోలేదు. అయినా ఎవరి పేరున పోతేనేం, పోవడం ఒకటే గదా అనుకున్నాడు. యంత్రం మీద వేలు పెట్టాడు. తాడు పట్టి పట్టి అరిగిన వేలు, గీతలు రాలేదు. ఆపరేటర్ గుడ్డతో తుడిపించాడు, రాలేదు. మధ్యవేలు పెట్టించాడు, వచ్చింది. నవీన్ వేలు మెత్తన. పెట్టీ పెట్టకముందే తీసుకుంది.

"ఇంతేనా?" అన్నాడు నవీన్. "ఫ్లెక్సీ అచ్చెయ్యడానికి దీనికన్న ఎక్కువ టైం పడతది."

బయట కారు బానెట్ మీద గోపాల్ రెడ్డి మాట నిలబెట్టుకున్నాడు. దీప్లా పదిహేనేళ్లుగా తన దగ్గర లైన్ పని చేయించాడని, మనుషుల్ని నడిపించడంలో సమర్థుడని టైపు చేయించి తెచ్చిన కాయితం మీద పొడుగ్గా సంతకం పెట్టి, ముద్ర వేసి, ముద్ర ఆరేదాకా ఊదాడు కూడా. అందులో ఒక్క అబద్ధం లేదు.

"ట్రాక్టరు కాయితాలు?"

"నీ లైసెన్సు రాంగనే నీ పేరున మారుస్త. లైసెన్సు లేకుంట నువ్వు ఏం చేస్కుంటవ్ దాన్ని? అప్పటిదాక నా యార్డుల ఉంటది, నీడకు."

దీప్లా కాయితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవర్‌ను చొక్కా లోపల పెట్టుకున్నాడు. మెట్ల మీద సాలి లేవలేదు. "చేసిండు గద?" అన్నాడు దగ్గరికి పోయి, గెలిచినవాడిలా. సాలి చీర దులుపుకొని బండి వైపు నడిచింది.

*

సోమవారం సూర్యాపేటలో లైసెన్సు ఆఫీసు తలుపు తీయకముందే దీప్లా వరండాలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా. దరఖాస్తు తనే నింపాడు. రాతకు తనకెవరూ అక్కర్లేదు. లోపల బల్ల వెనక దేవిక మేడం కూర్చుని ఉంటుందని మాత్రం అనుకోలేదు.

ఆమె దరఖాస్తు చూసింది. గోపాల్ రెడ్డి కాయితం చూసింది. మొదటి నుంచి మళ్లీ చదివింది. అప్పుడు లేచి, బీరువా తీసి, ఒక ఫైలు తెచ్చి, అందులోంచి ఒక కాగితం బయటికి తీసి దరఖాస్తు పక్కన పెట్టింది. రెండింటి మీదా గుండ్రటి అక్షరాలు, వరసగా, గీత తప్పకుండా.

"ఇది నీ రాత."

"అవును మేడం."

"ఇది?"

"అదీ నాదే."

"ఇందులో పదిహేనేళ్లు చేయించానంటున్నావు. ఇందులో ఎన్నడూ చేయించలేదంటున్నావు. ఏది నిజం?"

"దరఖాస్తుల ఉన్నదే మేడం. గాడ... నేను అబద్ధం చెప్పిన."

"అట్లా అని రాసిస్తావా?" గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "రాసిచ్చావంటే మీ కాంట్రాక్టర్ మీద విచారణ పెట్టాలి. ఆయన లైసెన్సు ఆపితే ఆయనిచ్చిన ఈ కాయితం నీకు పనికిరాదు. పైగా అబద్ధపు వాంగ్మూలం ఇచ్చినవాడివని నీ దరఖాస్తు మూడేళ్లు తీసుకోరు. రాసివ్వకపోతే, లైన్ పని చేయించలేదని నువ్వే చెప్పావు, నేను తిరగ్గొట్టక తప్పదు."

"నన్ను ఏదన్న అడుగుండ్రి మేడం. పోల్ కాడికి తీస్కపోండ్రి. గీడనే అడుగుండ్రి."

"అడిగాను కదయ్యా" అంది ఆమె. "జీపు పక్కన నిలబెట్టి అడిగాను. అంతకన్నా పెద్ద ప్రశ్న నా దగ్గర లేదు."

పెన్ను బల్ల మీద అతని వైపు జరిపింది. దీప్లా తీసుకున్నాడు. తెల్లకాగితం కూడా ఉంది. పెన్ను మూత తీశాడు. పైన రాజేందర్, కింద తీగ పట్టుకున్న నలుగురు, పని ఆగితే వాళ్లెక్కడికి పోతారనిపించింది. గోపాల్ రెడ్డి యార్డులో ట్రాక్టరు, దాని కాయితాలు ఇంకా ఎవరి పేరున ఉన్నాయో గుర్తొచ్చింది. మూత పెట్టి, పెన్ను ఆమె వైపే జరిపాడు. ఆమె దరఖాస్తు మీద ఎర్ర సిరాతో ఒక లైను రాసి తిరిగి ఇచ్చేసింది. ఆమె రాత అంత బాగాలేదు.

వరండాలోకి వచ్చాక గోపాల్ రెడ్డికి ఫోన్ చేశాడు.

"కాలేదు పటేలా. తిరగ్గొట్టిన్రు."

"అరెరె. ఎందుకట్ల?"

దీప్లా చెప్పాడు. అవతల గోపాల్ రెడ్డి కాసేపు నాలుక చప్పరించాడు. నిజంగానే బాధపడ్డట్టుంది.

"పోనియ్ తియ్ రా. నీ నౌకరి ఎక్కడికి పోదు. రేపు పొద్దుగాల యార్డుల నుంచి ట్రాక్టరు మేళ్లచెరువు తీస్కపో, ఆరు పోళ్లు లేపేదున్నది. మేడం మళ్లొస్తదేమో, నవీన్ కూడ వస్తడు."

"మరి నా భూమి?"

"భూమికేమైందిరా? యాడికి పోయింది? ఉన్నకాడనే ఉన్నది గద."

ఫోన్ పెట్టేశాడు. ఉన్నచోటనే ఉంది నిజమే. మోతె శివారులో, రోడ్డు మీద, బెండ మొక్కలతో సహా, నవీన్ పేరున, పదకొండు గుంటలు.